రెండొందల పద్నాలుగో నంబరు పాట

అడిగిందేటి? నన్నొక్క మాట అడిగిందేటి వదినా అది? ఇల్లు అద్దెకిచ్చినోడు కూడా తలుపు కొట్టి లోపలికొస్తాడు. ఇది తలుపూ కొట్టలేదు, ఏటీ లేదు. వొచ్చినాది, కూకున్నాది, కంప్యూటరంతా నాదే అన్నాది.

నువ్వు సేపలు కోసుకో. నేను ఆపమనడం లేదు. నాకేసి తిరగమనీ అనడం లేదు. కత్తిపీట ముందర కూకున్న మనిషిని మాటల్లో పెట్టకూడదు, సెయ్యి తెగుతాది. అందుకని నువ్వు మాటాడకు, నేనే మాటాడతాను. సుభాష్‌పల్లి నుంచి ఖరిదా దాకా ఈ ఎండలో నడిచొచ్చినాను. గుమ్మంలోంచి పొమ్మనకపోతే సాలు నాకు.

ఆ వీడియో ప్లేయర్ గురించే సెప్తన్నాను. నీకు ఇనాలని లేదని తెలుసు. అయినా సెప్తాను. సెప్పకపోతే నా గుండె పగిలిపోయేలాగుంది.

నా లాప్‌టాప్‌లో పాతది ఒకటుండేది గదా. కొన్నప్పుడే దాంతో వొచ్చినాది, నోట్లో నాలుక లేనిది. పాటలు దాంట్లో తెరుచుకునేవి. వీడియోలు ఇంకోదాంట్లో తెరుచుకునేవి. పాట బొమ్మ వేరు, వీడియో బొమ్మ వేరు. కళ్ళజోడు లేకపోయినా ఏది ఏదో తెలిసిపోయేది. నాకు అంతకన్నా ఏటి కావాలి? నేనేమైనా సినిమాలు తీస్తన్నానా?

మరి ఆ పెళ్ళి వీడియోల పెన్‌డ్రైవ్ ఎవరిచ్చినారు వదినా? కోప్పడకు, ఊరికే అడుగుతన్నాను. ఏంజలిన్ పెళ్ళికి నేను రాలేకపోయినాను. హాస్పిటల్లో డ్యూటీ పడిపోయింది, నర్సు బతుకు నీకు తెలియనిదేటి. "మా అక్క కూతురి పెళ్ళి, నువ్వు సూడకపోతే ఎలాగ" అని నువ్వే తెచ్చి నా సేతిలో పెట్టినావు. నేను అడగలేదు.

ఇంటికెళ్ళి గుచ్చినాను. తెరుచుకుంటేనా? ఈ రకం ఫైలు నాకు తెలియదు అని ఇంగ్లీషులో ఒక ముక్క పడేసి ఊరుకున్నాది. ఇంకోటి నొక్కినాను, అదే మాట. మీ ఫోటోవాడు ఏ కెమెరాతో తీసినాడో ఏటో. పెళ్ళంతా ముక్కలు ముక్కలు సేసి, ఒక్కో ముక్కకీ పేరు కూడా పెట్టకుండా నంబర్లేసి ఇచ్చేసినాడు. సోమరిపోతు.

నువ్వేమో రోజూ ఫోను. "సూసినావా? సూసినావా?" సూడలేదంటే నొచ్చుకుంటావు. అందుకని నెట్‌లో వెతికినాను. ఏ వీడియో అయినా తెరుస్తాది, పైసా ఇవ్వక్కర్లేదు అని ఒకటి దొరికినాది. దింపుకున్నాను. అది ఏదో అడిగినాది. నెక్స్ట్ నొక్కినాను. మళ్ళీ అడిగినాది. నెక్స్ట్. చర్చి పెళ్ళిలో అయ్యగారు ప్రమాణాలు సేయిస్తారు సూడు, కష్టంలో సుఖంలో అని, అప్పుడు ఎవరైనా ఆగి ఆలోచిస్తారేటి? ఔనౌనంటూ పోవడమే. నేనూ అలాగే పోయినాను.

ఏటి, నవ్వినావా? లేదులే. సేప జారినట్టున్నాది.

మర్నాడు తెరిచి సూద్దును గదా, బొమ్మలన్నీ మారిపోయినాయి. అన్నీ ఒకటే బొమ్మ. ఆకుపచ్చ గుండ్రం, మధ్యన బాణం. పాటకీ అదే, వీడియోకీ అదే, మా హాస్పిటలోళ్ళు పంపించిన చేతులు కడుక్కునే ట్రైనింగుకీ అదే. షిఫ్టు దిగినప్పుడు రైల్వే వర్క్‌షాప్ గేటు కాడ నిలబడితే, అందరూ ఒకే బట్టల్లో, మన మనిషి ఎవరో కనబడక తికమకపడతాం సూడు, అలాగున్నాది నా కంప్యూటరు.

ఊరుకున్నానేటి? సెట్టింగుల్లోకెళ్ళినాను. పాటలు పాతదాంట్లోనే తెరుచుకోవాలి అని మార్చినాను. సరేనన్నాది. మూసి తెరిచేసరికి మళ్ళీ ఆకుపచ్చ గుండ్రం. మళ్ళీ మార్చినాను. మళ్ళీ అదే. "నన్నే ఉంచుకుంటావా?" అని ఒక గడి, కింద "ఔను" అని పెద్ద అక్షరాలు, "తరవాత" అని సిన్న అక్షరాలు. "వద్దు" అన్నది ఎక్కడా లేదు వదినా. ఎంత వెతికినా లేదు.

దాన్ని తీసి పారేద్దామని సూసినాను. తీసేస్తే ఏ ఫైలూ తెరుచుకోవడం లేదు. పాతది నోరు మూసుకున్నాది, కొత్తది పోయినాది. ఇంక సేసేదేటి, మళ్ళీ పిలిచి కూకోబెట్టుకున్నాను.

ఇంకో మాట సెప్తే నువ్వు నమ్మవు. అన్నయ్య పోకముందు పాడి దాచుకున్న పాటలు దాంట్లో తెరిచినాను. కింద ఏటి రాసిందో తెలుసా? అన్‌నోన్ ఆర్టిస్ట్ అంట. ఎవరో తెలియని పాటగాడంట. మా రిచర్డ్ అన్నయ్యని. ఆ గొంతు ఎవరిదని అడిగితే ఖరగ్‌పూర్‌లో మన తెలుగోళ్ళు ఎవరైనా సెప్తారు. వర్క్‌షాప్‌లో సమ్మెట దెబ్బల మధ్యన పాడినా వినబడే గొంతు అని బెంగాలీ వాళ్ళు కూడా అనేవారు. దీనికి మట్టుకు తెలియదంట. ఆ రోజు నేను ఏడ్చినాను వదినా, నీకు సెప్పలేదు.

గోల్‌బజార్‌లో కంప్యూటర్లు బాగుసేసే దాదా దగ్గరికి కూడా పట్టుకెళ్ళినాను. అంటే, అంతా అయిపోయినాక పట్టుకెళ్ళినాను, అదే నా ఖర్మ. ఆడు సూసి నవ్వినాడు. "దీదీ, పర్మిషన్ తో ఆప్‌నే దియా" అన్నాడు. పర్మిషన్ ఇచ్చినది నేనేనంట. ఎక్కడిచ్చినానయ్యా అంటే సూపించినాడు. సిన్న గడి ఒకటి. అన్ని రకాల ఫైళ్ళూ ఇక నేనే తెరుస్తానని పక్కన రాసుంటాది. దాంట్లో టిక్కు వాళ్ళే ముందర పెట్టేసి ఉంచుతారంట. మనం సూసుకుని తీసెయ్యాలంట. తీయకపోతే ఒప్పుకున్నట్టేనంట.

ఇదేం న్యాయం వదినా? ఊరుకున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టేనా?

సరే. దాని గొడవ వదిలేస్తాను. చర్చిలో జరిగిన కూడిక సంగతి సెప్తాను. సెప్పనీ. నువ్వు ఆ రోజు పక్క తలుపులోంచి వెళ్ళిపోయినాక ఎవరికీ దొరకలేదు, ఫోను ఎత్తలేదు. నా మాట ఒక్కసారైనా ఇనాలి గదా.

మనం పాటని పేరు పెట్టి ఎప్పుడైనా పిలిచినామా? అయ్యగారు నిలబడి నంబరు సెప్తారు, మనం పుస్తకం తిప్పుతాం. అన్నయ్యా అంతే. తను పాడినవన్నీ రికార్డు సేసుకుని నంబరే పేరుగా పెట్టుకున్నాడు. రెండొందల పద్నాలుగు అంటే ప్రాణం. జ్ఞాపకార్థ కూడికలో అందరూ లేచి నిలబడ్డప్పుడు అన్నయ్య గొంతుతో అదే వినబడాలన్నది నీ కోరిక. "తబితా, అది నువ్వే పెట్టాలి" అన్నావు. ఇంకెవరికీ ఇవ్వలేదు ఆ పని. నాకే ఇచ్చినావు.

ఇప్పుడు అర్థమైనాదా? పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెళ్ళి ముక్కలన్నీ నేను ఆ పాటలున్న సోటే దింపినాను. దాంట్లో కూడా రెండొందల పద్నాలుగు ఉన్నాది. ఇది పాటల పుస్తకం నంబరు, అది ఫోటోవాడి నంబరు. మునపైతే బొమ్మ సూసి తెలిసిపోయేది. ఇప్పుడు రెండూ పక్కపక్కన, రెండింటికీ అదే నంబరు, రెండింటికీ అదే ఆకుపచ్చ గుండ్రం. నేను నొక్కినాను.

నా లాప్‌టాప్‌కి ప్రొజెక్టరు తగిలించి ఉన్నాది, గోడ మీద అన్నయ్య ఫోటో ఉన్నాది. కింద రజనీగంధ పూలు. ముందు బల్ల మీద మా అమ్మ సూసన్నమ్మ, తెల్లచీర, సేతిలో పాటల పుస్తకం. అందరూ లేచినారు. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. గోడ మీద అన్నయ్య ఫోటో పోయినాది. అక్కడ నువ్వొచ్చినావు.

నీలం చీర. డీజే పాట, చెవులు పగిలిపోయేలాగ. మీ అక్క నీ సెయ్యి పట్టి మధ్యకి లాగుతన్నాది, నువ్వు వద్దు వద్దంటన్నావు. అంతలో ఆడడం మొదలెట్టినావు.

ఆ సేప వదిలెయ్యి వదినా. దాని తల ఎప్పుడో తెగిపోయింది, ఇంకా కోస్తన్నావు.

ఆ ముక్క ఉన్నాదని నీకు తెలుసు. తెలిసే ఇచ్చినావు నాకు. పెన్‌డ్రైవ్ సేతిలో పెడతా ఏటన్నావు? "నువ్వొక్కదానివే సూడు. అత్తమ్మకి సూపించకు. ఇంకెవరికీ సూపించకు" అన్నావు. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, ఈ ఊరు ఏటంటాదో నీకు తెలుసు. అయినా ఆ సంతోషం ఎవరికో ఒకళ్ళకి సూపించాలనిపించింది నీకు. నాకు సూపించినావు.

నేను ఊరందరికీ సూపించేసినాను.

అదే గదా నీ బాధ. కావాలని సేసిందని. ఆడపడుచు బుద్ధి సూపించుకున్నాదని. మీ అక్క కూడా అదే అన్నాదంట. నేను కావాలని నొక్కలేదు వదినా. అన్నయ్య మీద ఒట్టు. బైబిల్ మీద సెయ్యి పెట్టమన్నా పెడతాను. ఆ ఆకుపచ్చ గుండ్రం మోసం సేసినాది నన్ను.

చర్చిలో అందరూ అదే అన్నారు. ఆలిసక్క నా సేతులు పట్టుకుని, "నీ తప్పేటున్నాది తబితా, కంప్యూటర్లు అంతే, మా ఇంట్లో కూడా అంతే" అన్నాది. అయ్యగారు నా కోసం ప్రార్థన సేసినారు, ఈ బిడ్డ మనసుకి నెమ్మదినివ్వమని. నాకు. మా అమ్మ నా తల నిమిరినాది. ఇంటికెళ్తే టిఫిన్లు పంపించినారు. నన్ను ఓదార్చడానికి లైను కట్టినారు. మరి నీ దగ్గరికి ఎవరొచ్చినారు? ఎవరూ రాలేదు గదా. ఆలిసక్క నన్ను ఓదార్చి అటు తిరిగి నీ గురించి ఏటి మాటాడిందో కూడా ఇన్నాను. నీకు సెప్పను. నువ్వు ఊహించుకున్నదానికన్నా తక్కువేం కాదు.

స్త్రీల సమాజం లీడరుగా ఉండనని కబురంపినావంట. చర్చికే రానని అన్నావంట. ఆ బల్లలో నీ సోటు ఖాళీగా ఉంటే నేను పాడలేకపోతన్నాను. నోరు తెరుస్తాను, గాలొస్తాది, పాట రాదు.

నిన్ను తీసుకురమ్మని అమ్మగారు, అదే అయ్యగారి భార్య, పంపించినారు నన్ను. "నువ్వు వెళ్ళి సర్దిచెప్పు, కంప్యూటర్ తప్పని అర్థమయ్యేలాగ సెప్పు" అన్నారు. అందుకే వొచ్చినాను. దారంతా అదే అనుకుంటా వొచ్చినాను, బొమ్మ గురించి సెప్పాలి, నంబర్ల గురించి సెప్పాలి, దాదా అన్నమాట సెప్పాలి అని. సెప్పినాను. అంతా సెప్పినాను గదా. అంతా నిజమే.

ఇంకో ముక్క ఉన్నాది.

ఆ వీడియో నేను ముందరే సూసినాను వదినా. కొత్తది పెట్టుకున్న రోజే. ఏంజలిన్ కోసం తెరిచినాను, ఒక్కోటీ సూసుకుంటా వస్తే నువ్వు కనబడినావు. నీకు ఫోన్ సేసి "సూసినాను, బాగున్నాది" అని పెట్టేసినాను. గుర్తున్నాదా? నువ్వు ఇంకా ఏదో అనబోతన్నావు. నేను ఇనలేదు.

నా కడుపు మండిపోయింది. అన్నయ్య ఆఖరి రోజుల్లో నా వార్డులోనే ఉన్నాడు. తన నోట్లో నీళ్ళు పోసినది నేను, కళ్ళు మూసినది నేను. అప్పటినుంచి నాకు తిండి రుచి తెలియడం లేదు. నవ్వొచ్చినా ఆపేసుకుంటన్నాను. నువ్వేమో ఆ నీలం చీరలో, తల ఎనక్కి ఏసి, అన్నయ్య ఉన్నప్పుడు నవ్వినట్టే నవ్వుతన్నావు. ఎలాగ నవ్వగలిగినావు అనిపించింది. నాకు రానిది నీకెలా వొచ్చింది అనిపించింది. నువ్వు మళ్ళీ మనిషివైపోతన్నావు, నేను ఇంకా ఆ మంచం పక్కనే నిలబడున్నాను.

ఆ రోజు చర్చిలో నొక్కినది పొరపాటే. అది నూటికి నూరు పాళ్ళూ పొరపాటే. నువ్వు గోడ మీద కనబడినావు. అందరూ అటూ ఇటూ సూస్తన్నారు, ఆపు ఆపు అంటన్నారు. "ఆగడం లేదండీ, ఇది కొత్తది, నాకు తెలియడం లేదండీ" అని నేను అరుస్తన్నాను. నువ్వూ ఇన్నావు గదా ఆ అరుపు.

నాకు తెలుసు వదినా. ఏ మీట నొక్కితే ఆగుతాదో నాకు బాగా తెలుసు. ఇంట్లో నీ వీడియో సూసినప్పుడు అదే మీట నొక్కి ఆపినాను. నా ఏలు దాని మీదే ఉన్నాది. నొక్కలేదు.

సూడనీ అనుకున్నాను. అందరూ సూడనీ. మా అన్నయ్య పెళ్ళాం ఎంత ఏడుస్తన్నాదో సూడనీ అనుకున్నాను. అంత పాపిష్టి మాట నా నోట్లోంచి రాలేదు గానీ నా ఏలిలో ఉన్నాది.

మా అమ్మ పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాది. అప్పుడు నొక్కినాను.

ఏటి?

ఎంతసేపా?

ఇన్నాళ్ళకి నోరు తెరిచి అదా నువ్వు అడిగేది? సెప్తాను. మీ అక్క లాగితే నువ్వు మధ్యలోకి రావడం, సెయ్యి పైకెత్తి గుండ్రంగా తిరగడం, కొంగు జారితే నడుముకి దోపుకుని నవ్వడం. అదంతా అయిపోయేదాకా. మొదట్లో ఆపితే ఎవరిదో పెళ్ళి అనుకునేవారు. నీ మొహం బాగా కనబడేదాకా ఆగినాను నేను.

అందరూ నన్ను నమ్మేసినారు వదినా. అయ్యగారు నమ్మినారు, అమ్మ నమ్మినాది, ఆలిసక్క నమ్మినాది. నువ్వొక్కదానివే నమ్మలేదు. నువ్వే కరెక్టు.

రేపు ఆదివారం చర్చిలో సాక్ష్యాలు సెప్పే టైములో లేచి సెప్పేద్దామనుకున్నాను. మొన్న స్త్రీల సమాజంలో ఒక ముక్క కదిపి సూసినాను కూడా. "అక్కా, నిజానికి తప్పు నాదే, ఆపగలిగుండీ ఆపలేదు" అన్నాను. ఆలిసక్క కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. "సూసినారా, వదిన పరువు కోసం తప్పు తన నెత్తినేసుకుంటన్నాది, ఎంత మంచి మనసో" అన్నాది. అందరూ నా ఈపు నిమిరినారు. నేను నిజం సెప్పినకొద్దీ మంచిదాన్నైపోతన్నాను. ఏటి సెయ్యమంటావు మరి?

సేపలు కడుక్కో, ఆలస్యం అవుతన్నాది. లోపలికెళ్ళి తలుపేసుకుంటానంటే ఏసుకో. నేనైనా ఏసుకునేదాన్నే. క్షమించమని నేను అడగడం లేదు, అడిగే మొహం కాదు ఇది. ఒక్క పని మట్టుకు నువ్వు తప్ప ఎవరూ సెయ్యలేరు. రేపు నేను లేచి సెప్పినప్పుడు నువ్వు మన బల్లలోంచి లేచి, ఔను, తబిత అలాంటిదే, అది నిజమే సెప్తన్నాది అను. నువ్వు సెప్తేనే నమ్ముతారు వదినా. నేను సెప్తే ఎవరూ నమ్మరు.